కీమో రోజుల్లో ఇంట్లో ఎలా చూసుకోవాలి: రొమ్ము క్యాన్సర్ వచ్చిన మనిషి ఉన్న ఇంటివాళ్ళకి

మా అమ్మకి రొమ్ము క్యాన్సర్ వైద్యం పూర్తయి, మనిషి తేరుకుందని తెలిసిన దగ్గర్నుంచి నాకు ఫోన్లు వస్తూనే ఉన్నాయి. చుట్టాలు, స్నేహితులు, వాళ్ళ స్నేహితులు. అందరూ అడిగేది ఒకటే: "సోమవారం నుంచి కీమో మొదలట. ఇంట్లో మేమేం చేయాలి?" విడివిడిగా చెప్పేటప్పుడు ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకే కూర్చుని అంతా ఒకచోట రాస్తున్నాను.

మందుల సంగతి డాక్టర్లు చూసుకుంటారు. మూడు వారాలకోసారి కీమో అయితే ఆసుపత్రిలో ఉండేది మహా అయితే ఒక రోజు. మిగతా ఇరవై రోజులూ ఆమె మీ ఇంట్లోనే ఉంటుంది. నేను చెప్పేదంతా ఆ ఇరవై రోజుల గురించే.

ముందుగా ఒక మాట. మన ఇళ్ళలో ఆడవాళ్ళు బాధ బయటికి చెప్పుకోరు. మా అమ్మ గడ్డ చేతికి తగిలాక నాలుగు నెలలు నోరు విప్పలేదు. అన్నయ్య గృహప్రవేశం అయ్యాక చెబుదామనుకుందట. అంత జరిగాక కూడా, రెండో కీమో తర్వాత పదో రోజు సాయంత్రం చెయ్యి పట్టుకుంటే వేడిగా ఉంటే "ఏం లేదులేవే, పొయ్యి దగ్గర నుంచున్నాగా" అంది. థర్మామీటర్ పెడితే 101.2 ఉంది. ఆ రాత్రే ఆసుపత్రికి పరిగెత్తాం. కాబట్టి ఆమె చెప్పేదాకా ఆగకండి. అడగడం, కొలవడం, రాసుకోవడం, ఈ మూడూ మీ పనులు.

కావలసినవి

- డిజిటల్ థర్మామీటర్లు రెండు. ఒకటి ఇంట్లో, ఒకటి ఆసుపత్రి సంచిలో.
- గీతల నోట్‌బుక్ ఒకటి, దానికి దారంతో కట్టిన పెన్ను.
- కాగితాలు వరసగా పెట్టుకునే ఫైలు. ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టు, క్యాన్సర్ ఏ రకమో చెప్పే ఈఆర్, పీఆర్, హెర్2 రిపోర్టు, స్కాన్లు, గుండెకి తీసిన టూడీ ఎకో, ప్రతి కీమో తర్వాత ఇచ్చే డిశ్చార్జి కాగితం. ప్రతిదీ ఫోన్లో ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరికి కూడా పంపి ఉంచండి.
- మెత్తటి టూత్‌బ్రష్, ఉప్పు, వంటసోడా.
- బరువు చూసే మిషను, దర్జీ టేపు.
- వాడి పారేసే గ్లౌజులు ఒక పెట్టె.
- మెత్తటి నూలు టోపీలు లేదా చున్నీలు రెండు మూడు.

దశలు

1. ఆమెకి నిజం చెప్పండి

"అమ్మకి తెలియనివ్వకండి, తట్టుకోలేదు" అని డాక్టరు గది బయట బతిమాలే కుటుంబాలు చాలా ఉంటాయి. ఇది ప్రేమతో చేసే పనే, కానీ నష్టం ఆమెకే. తనకి వచ్చింది క్యాన్సరని తెలియని మనిషి, జ్వరం వస్తే ఎందుకు పరిగెత్తాలో కూడా అర్థం చేసుకోలేదు. కీమో వార్డులో పక్క మంచం ఆవిడ మొదటి రోజే ఎలాగూ చెప్పేస్తుంది. డాక్టరు దగ్గర, తనకి కావలసిన మనిషి పక్కనుండగా, తెలుగులో వినడం మేలు. ఆ రోజు వైద్యం ఎన్ని నెలలు, ముందు ఆపరేషనా ముందు కీమోనా అన్నది అడిగి రాసుకోండి. కొందరికి ముందు ఆపరేషన్ చేస్తారు, కొందరికి గడ్డ తగ్గించడానికి ముందు కీమో పెడతారు. పక్కింటివాళ్ళకి చేసిన వరసతో పోల్చుకుని కంగారు పడొద్దు.

2. పనులు పంచుకోండి, ఒకరే ముందుండండి

డాక్టరుతో మాట్లాడే మనిషి ఒక్కరే ఉండాలి. ముగ్గురు వెళ్ళి మూడు రకాలుగా వింటే ఇంట్లో గొడవలు మొదలవుతాయి. మా ఇంట్లో ఆసుపత్రి పని నాది, డబ్బు, ఇన్సూరెన్సు అన్నయ్యవి, వంట వదినది. నాన్నకి ఏం చేయాలో తోచేది కాదు. వరండాలో కూర్చుని అలా గేటు వైపు చూస్తూ ఉండేవారు. నోట్‌బుక్ ఆయన చేతిలో పెట్టాం. ముప్పై ఏళ్ళు కిరాణా కొట్టు పద్దులు రాసిన మనిషి కదా, స్కేలు పెట్టి నిలువు గీతలు కొట్టారు: తేదీ, కీమో అయి ఎన్నో రోజు, పొద్దుటి జ్వరం, సాయంత్రం జ్వరం, తిన్నది, నోరు, విరేచనం. ఆ రోజు నుంచి ఒక్క గడి ఖాళీగా వదల్లేదు. మీ ఇంట్లో కూడా బాధతో మౌనంగా ఉండిపోయిన మగమనిషి ఉంటే ఈ పని ఆయనకే ఇవ్వండి.

3. డబ్బు సంగతి మొదటి వారంలోనే తేల్చుకోండి

వైద్యం మొదలయ్యాక "ఆరోగ్యశ్రీ కింద చేయండి" అంటే కుదరకపోవచ్చు. ముందుగా అనుమతి రావాలి. ఆసుపత్రిలో ఈ పథకం పని చూసే ఆరోగ్యమిత్ర ఎక్కడ కూర్చుంటారో కనుక్కుని, రేషన్ కార్డు, ఆధార్, ముక్క పరీక్ష రిపోర్టుతో వెళ్ళండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే నెలలో 25 లక్షలకు పెంచారు, ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. మీకు రాసిన మందు ఏ ప్యాకేజీలో ఉంది, ఏది బయట కొనాలి అన్నది ఆరోగ్యమిత్రనే అడగండి.

కార్పొరేట్ ఆసుపత్రే కావాలని లేదు. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా ఆసుపత్రి ఉన్నాయి. బయటి ఊరు వెళ్ళాల్సి వస్తే రైల్వే రాయితీ వాడుకోండి. ఆసుపత్రి ఇచ్చే ఫారంతో స్టేషన్ కౌంటర్లో తీసుకుంటే స్లీపర్, థర్డ్ ఏసీల్లో రోగికి టికెట్టు పూర్తిగా ఉచితం, తోడు వెళ్ళేవాళ్ళకి 75 శాతం తగ్గింపు.

4. కీమో రోజు

తేలికగా తినిపించి తీసుకెళ్ళండి. చేతికి వదులుగా ఉండే జాకెట్టో నైటీయో వేయండి. మందు ఎక్కుతున్నప్పుడు సూది దగ్గర మంట, వాపు, ఎరుపు ఏది కనిపించినా సీసా అయిపోయేదాకా ఆగకుండా వెంటనే నర్సును పిలవండి. కొన్ని మందులు నరం బయటికి కారితే చర్మం కుళ్ళిపోతుంది. చాలామందికి మొదట పెట్టే డాక్సోరూబిసిన్ అనే కీమో మందు ఎర్రగా ఉంటుంది. అది పెట్టాక ఒకటి రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది, అది రక్తం కాదు. ముందే చెప్పి ఉంచండి, లేకపోతే అర్ధరాత్రి బాత్‌రూమ్‌లో హడలిపోతుంది.

ఇంటికొచ్చాక రెండు రోజుల పాటు ఆమె వాడిన బాత్‌రూమ్‌లో మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చేయండి. ఫ్లష్ లేని చోట నీళ్ళు ఎక్కువగా కొట్టండి. వాంతి శుభ్రం చేసేటప్పుడు గ్లౌజులు వేసుకోండి, మరకపడిన బట్టలు విడిగా ఉతకండి. అంతే తప్ప ఆమెని ముట్టుకోకూడదని, పళ్ళెం, గ్లాసు వేరు పెట్టాలని లేదు. క్యాన్సర్ అంటుకునే జబ్బు కాదు. పక్కన కూర్చోండి, ఆమె ఒప్పుకుంటే కాళ్ళు పట్టండి.

5. మొదటి అయిదు రోజులు: వాంతులు, తిండి

వాంతుల మాత్రలు వాంతి అయ్యాక వేసుకునేవి కావు. రాసిన టైముకి రాసినట్టు వేయాలి. "ఇవాళ బాగానే ఉంది, మాత్ర ఎందుకు" అని మానేస్తే మర్నాడు ఆపడం కష్టం. వీటితో మలబద్ధకం వస్తుంది, మందు ముందే రాయించుకోండి. సుగర్ ఉన్నవాళ్ళకి కీమోతో ఇచ్చే స్టెరాయిడ్ వల్ల సుగర్ బాగా పెరుగుతుంది కాబట్టి ఆ నాలుగైదు రోజులు ఇంట్లోనే వేలు గుచ్చి చూసుకుంటూ ఉండండి.

తిండి కొంచెం కొంచెంగా, రెండు గంటలకోసారి. ఇడ్లీ, రాగి జావ, మెత్తటి పప్పన్నం, పూర్తిగా ఉడికిన గుడ్డు, ఇంట్లో కాచిన పాలతో తోడుపెట్టిన పెరుగు. పోపు వాసనకే కడుపులో తిప్పుతుంది కాబట్టి ఆమెకి దూరంగా వండి, చల్లారాక పెట్టండి. వద్దన్నవి: పచ్చి సలాడ్, కోసి అమ్మే పండ్లు, బయట చెరుకు రసం, నిన్నటి కూర, పచ్చి కొబ్బరి చట్నీ పొద్దుట చేసింది సాయంత్రం పెట్టడం.

చుట్టాలు చెప్పే పథ్యాలు ఇక్కడే ఎక్కువ నష్టం చేస్తాయి. గుడ్డు వేడి, పప్పు వాతం, తీపి తింటే క్యాన్సర్ పెరుగుతుంది అంటూ అన్నీ మాన్పించేస్తారు. మనిషి ఎండిపోతే తర్వాతి కీమో ఆలస్యమవుతుంది. వారానికోసారి ఒకే మిషను మీద బరువు చూడండి. రెండు కీమోల మధ్య రెండు కిలోలు తగ్గితే డాక్టరుకి చెప్పండి. పసరు మందులు, భస్మాలు డాక్టరుకి చెప్పకుండా ఇవ్వకండి. కీమో మందుల్ని కరిగించాల్సిన లివర్ మీద వాటి భారం కూడా పడుతుంది.

6. ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా: జ్వరం

ఈ భాగం రెండుసార్లు చదవండి, ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

కీమో అయిన వారానికి వాంతులు తగ్గి, మనిషి లేచి తిరుగుతుంది. గండం గడిచిందనుకుంటాం. సరిగ్గా అప్పుడే తెల్ల రక్తకణాలు బాగా పడిపోయి ఉంటాయి. ఆ రోజుల్లో వచ్చే మామూలు ఇన్‌ఫెక్షన్ కూడా కొన్ని గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది.

రోజూ పొద్దున, సాయంత్రం, ఇంకా చలిగా ఉందన్నప్పుడల్లా జ్వరం చూడండి. థర్మామీటర్ నాలుక కింద పెట్టాలి. కాఫీ, నీళ్ళు తాగి పదిహేను నిమిషాలు కాకపోతే ఆగండి. చంకలో పెడితే అసలు కంటే తక్కువ చూపిస్తుంది. చేత్తో నుదురు తాకి చెప్పే లెక్కలు వద్దు.

ఒక్కసారి 100.4 డిగ్రీలు దాటినా, 100 డిగ్రీలు గంట సేపు నిలిచినా ఇలా చేయండి:

- పారాసిటమాల్ వేయకండి. జ్వరం అంకె తగ్గిపోతుంది, ఇన్‌ఫెక్షన్ లోపల అలాగే ఉంటుంది.
- ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరండి. రాత్రి రెండయినా సరే, తెల్లారేదాకా ఆగొద్దు.
- ఊళ్ళో ఆర్‌ఎంపీతో ఇంజెక్షనో సెలైనో పెట్టించి చూద్దామనుకోవద్దు.
- అత్యవసర విభాగంలో మొదటి మాటే ఇలా చెప్పండి: "కీమో పేషెంటు, కీమో అయి పదో రోజు, 101 జ్వరం." వరసలో కూర్చోబెడితే మళ్ళీ గట్టిగా చెప్పండి. నరంలోకి యాంటీబయాటిక్ వీలైతే గంటలోపు పడాలి.

మీ ఊరికి క్యాన్సర్ ఆసుపత్రి నాలుగు గంటల దూరమైతే, మొదటి కీమో రోజే డాక్టరుని అడగండి: "జ్వరమొస్తే దగ్గర్లో ఏ ఆసుపత్రికి వెళ్ళాలి? అక్కడ ఏం చేయాలో ఒక కాగితం రాసివ్వండి." ఆ కాగితం ఫైల్లో పైన ఉండాలి.

జ్వరం లేకపోయినా వణుకు, ఆయాసం, మాట తడబాటు, చిగుళ్ళ నుంచి రక్తం, నల్లటి విరేచనం, నీళ్ళు కూడా నిలవనంత వాంతులు, ఒక కాలు మాత్రమే వాచడం, వీటిలో ఏది కనిపించినా బయల్దేరాల్సిందే.

"ఎలా ఉందమ్మా?" అని అడిగితే "బానే ఉంది" అంటుంది. ఆ ప్రశ్న మానేసి, విడివిడిగా అడగండి. ఎన్ని ఇడ్లీలు తిన్నావు? మింగుతుంటే మండుతోందా? రాత్రి దుప్పటి రెండోది కప్పుకున్నావా? మూత్రానికి వెళ్తే మంటగా ఉందా? మా అమ్మ నోటి వెంట నిజం రప్పించింది ఆ దుప్పటి ప్రశ్నే.

కౌంట్ (తెల్లకణాల సంఖ్య) పెంచే ఇంజెక్షన్ కీమో అయి 24 గంటలు గడిచాక వేస్తారు. దాంతో నడుము, ఎముకలు లాగినట్టు నొప్పులు వస్తాయి. అదీ ముందే చెప్పి ఉంచండి.

7. రక్తపరీక్ష మీరే చదవండి

ప్రతి కీమోకి ముందు సీబీపీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేస్తారు. అందులో తెల్లకణాల మొత్తాన్ని న్యూట్రోఫిల్స్ (తెల్లకణాల్లో ఒక రకం) శాతంతో గుణించి వందతో భాగించండి. తెల్లకణాలు 3,000, న్యూట్రోఫిల్స్ 40 శాతం ఉంటే 1,200. సాధారణంగా ఇది 1,500 దాటాక కీమో పెడతారు, కొందరు డాక్టర్లు 1,000 ఉన్నా ఒప్పుకుంటారు. 500 కంటే తగ్గి జ్వరం కూడా ఉంటే చాలా ప్రమాదం. కౌంట్ చాలక కీమో వారం వాయిదా పడితే ఏడవద్దు, అది తరచూ జరిగేదే. అయితే మనంతట మనం "పండగ అయ్యాక వెళ్దాం" అని వాయిదా వేయడం మాత్రం తప్పు.

8. నోరు, జుట్టు

నోటి పూత వచ్చాక కంటే రాకముందే మొదలుపెట్టండి. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి రోజుకి నాలుగైదు సార్లు పుక్కిలించి ఉమ్మాలి. ఆవకాయ, గోంగూర పచ్చడి కొన్నాళ్ళు పక్కన పెట్టక తప్పదు. గొంతు దిగనంత మంటగా ఉంటే డాక్టరు నోట్లో రాసే మందు ఇస్తారు.

జుట్టు మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకి రాలుతుంది. దిండు మీద కుచ్చులు కుచ్చులుగా చూడటం మా అమ్మకి ఆపరేషన్ కంటే కష్టమైంది. ముందే భుజాల దాకా కత్తిరించి ఉంటే కాస్త నయం. గుండు చేయించాలనుకుంటే బ్లేడు వద్దు, ట్రిమ్మర్ వాడండి. చిన్న గాటు పడినా ఆ రోజుల్లో మంచిది కాదు. కొండకి వెళ్ళి తలనీలాలు ఇస్తానని మొక్కుకుంటే వైద్యం అయ్యాక, జుట్టు మళ్ళీ వచ్చాక వెళ్ళి ఇవ్వచ్చు. కౌంట్ తక్కువున్నప్పుడు అంత జనంలోకి తీసుకెళ్ళకండి. మా అమ్మ మొక్కు ఏడాదిన్నర తర్వాత తీర్చుకుంది.

9. పరామర్శలకి వచ్చేవాళ్ళు

ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య ఎవరినీ రానివ్వకండి. దగ్గు, జలుబు ఉన్నవాళ్ళని, ముఖ్యంగా చిన్నపిల్లల్ని, ఎప్పుడూ వద్దు. "డాక్టరు గారు వద్దన్నారు పిన్నీ, ఫోన్లో మాట్లాడండి" అంటే ఎవరూ నొచ్చుకోరు. వచ్చి "మా తోడికోడలు కూడా ఇలాగే పోయింది" అనే మనిషి వస్తే గుమ్మంలోనే మాట మార్చి, కాఫీ ఇచ్చి పంపించేయండి. ఏదైనా సాయం చేయమంటారా అని అడిగేవాళ్ళకి పని చెప్పండి: గురువారం మధ్యాహ్నం వంట, పిల్లల్ని బడి నుంచి తేవడం, ఓ నెగెటివ్ రక్తం ఉన్నవాళ్ళ నంబరు.

మీరు కూడా అలసిపోతారు. నెలలు గడిచే పని ఇది. ఒక రాత్రి ఇంకొకరికి అప్పజెప్పి పూర్తిగా నిద్రపోండి. ఆమెకైనా మీకైనా నిద్ర పట్టక, ఏడుపు ఆగక ఉంటే మానసిక సాయం అందించే ప్రభుత్వ ఫోన్ లైను టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

10. ఆపరేషన్ అయ్యాక చెయ్యి

ఆపరేషన్ చేసిన చోట చేరే నీరు బయటికి రావడానికి ఒక పైపు పెడతారు. ఆ పైపుకి తగిలించిన డబ్బాలో రోజూ ఒకే టైముకి ఎన్ని మిల్లీలీటర్లు పడిందో రాయండి. సాధారణంగా రోజుకి 30 మిల్లీలీటర్ల లోపుకి వచ్చాక పైపు తీస్తారు. ఎప్పుడు తీయాలో సర్జన్ చెప్పాలి.

నొప్పి అని చెయ్యి కదపకుండా ఒళ్ళో పెట్టుకు కూర్చుంటే భుజం బిగుసుకుపోతుంది. ఫిజియోథెరపిస్టు చెప్పాక గోడ మీద వేళ్ళతో పాకించే వ్యాయామం మొదలుపెట్టండి. మా వంటింటి గుమ్మం పక్క గోడ మీద అమ్మ వేలు ఎంతదాకా వెళ్ళిందో పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ వేసేవాళ్ళం. చిన్నప్పుడు మా ఎత్తులు కొలిచిన గోడే అది. మొదటి గీత ఆమె భుజం కంటే కిందే ఉంది. ఆరు వారాలకి పై మెట్టు మీది పప్పుల డబ్బా తనే అందుకుంది.

చంకలో గడ్డలు తీసినవైపు చేతికి బీపీ, సూదులు వద్దని ప్రతి చోటా ముందే చెప్పండి. నెలకోసారి మోచేతికి పది సెంటీమీటర్లు పైన, కింద రెండు చేతులూ టేపుతో కొలవండి. తేడా రెండు సెంటీమీటర్లు దాటినా, గాజులు ఉన్నట్టుండి బిగుతుగా అనిపించినా డాక్టరుకి చూపించండి. వాపు మొదట్లోనే పట్టుకుంటే అదుపులో ఉంటుంది.

11. కరెంటు (రేడియేషన్) పెట్టే రోజులు

వారానికి అయిదు రోజులు, ఇప్పుడు చాలామందికి మూడు వారాల్లో అయిపోతుంది. నొప్పి ఉండదు. ఒంటి మీద గీసిన గుర్తులు చెరపొద్దు, అక్కడ పసుపు, సబ్బు, పౌడరు, కొబ్బరినూనె వాళ్ళని అడగకుండా రాయొద్దు. పాత నూలు చీర ముక్కతో కుట్టించిన వదులు జాకెట్టు హాయిగా ఉంటుంది.

12. తర్వాత ఏళ్ళ తరబడి వేసుకునే మాత్ర

ఈఆర్ లేదా పీఆర్ పాజిటివ్ అయితే టామాక్సిఫెన్ లాంటి మాత్ర రోజుకొకటి, అయిదు నుంచి పదేళ్ళు. అందరూ వెళ్ళిపోయి ఇల్లు మామూలయ్యాక ఎక్కువ మంది జారిపోయేది ఇక్కడే. ఒంట్లో ఆవిర్లు వస్తున్నాయనో, బాగయిపోయిందిగా అనో తమంతట తామే మానేస్తారు. ఆపకూడదు. బాధగా ఉంటే డాక్టరుకి చెబితే మార్గం చూపిస్తారు. టామాక్సిఫెన్ వాడుతూ ముట్లాగిన మనిషికి రక్తస్రావం కనిపిస్తే, ఒక్క చుక్కయినా, గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి. ఇలాంటిదే ఇంకో మాత్ర లెట్రోజోల్ వాడేవాళ్ళకి కీళ్ళ నొప్పులు వస్తాయి, ఎముకల బలం పరీక్ష చేయించాలి. మాత్రల పట్టీలు నెలాఖరుకి లెక్కపెట్టండి. మిగిలిన మాత్రలే చెబుతాయి ఎన్ని మర్చిపోయిందో.

హెర్2 పాజిటివ్ అయితే ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్ మూడు వారాలకోసారి సుమారు ఏడాది ఇస్తారు. మూడు నెలలకోసారి టూడీ ఎకో మర్చిపోకండి.

ఏడాదికోసారి మామోగ్రామ్ (రొమ్ముకి తీసే ఎక్స్‌రే), డాక్టరు చెప్పిన నెలలకి చూపించుకోవడం తప్పదు. ఏ బాధా లేకుండా ప్రతి ఆరు నెలలకీ పెట్ స్కాన్ తీయించడం అవసరం లేదు, ఆ డబ్బు దాచుకోండి. కొత్తగా ఎముక నొప్పి, తగ్గని దగ్గు, మచ్చ దగ్గర గడ్డ కనిపిస్తే మాత్రం తేదీ వచ్చేదాకా ఆగొద్దు.

ఆమె కూతుళ్ళు, అక్కచెల్లెళ్ళు కూడా డాక్టరుని అడిగి తమ పరీక్షలు ఎప్పుడు మొదలుపెట్టాలో తెలుసుకోవాలి. సాధారణంగా తల్లికి 45లో వస్తే కూతురికి 35 నుంచి చూడమంటారు. మా ఇంట్లో అమ్మ మామోగ్రామ్ ఫిబ్రవరిలో. నాన్న పద్దు పుస్తకంలో ఆ తేదీ కింద నా పేరు కూడా రాసి పెట్టారు.